కారు తాగిన కరెంటుకీ ఓ పద్దు!

"ఏమ్మా, నువ్వు బి.కాం. చదివావుగా, ఈ రెండు బిల్లులూ చూసి చెప్పు" అన్నారు మా నాన్నగారు, నేను గుమ్మంలో చెప్పులు విడవకముందే.

మా పుట్టిల్లు తార్నాకలో. నాన్నగారు వరండాలో కళ్ళజోడు ముక్కుమీదికి జార్చుకుని రెండు కరెంటు బిల్లులు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నారు. పోయిన డిసెంబరులో 180 యూనిట్లు. ఈ డిసెంబరులో 280. "ఇంట్లో మనుషులు పెరగలేదు. చలికాలం, ఫాన్లు కూడా తిరగలేదు. మరి ఈ వంద యూనిట్లూ ఎవరు తాగినట్టు?"

అందరి చూపులూ పోర్టికోలో ఉన్న చిన్న ఎలక్ట్రిక్ కారు మీదికి పోయాయి. అది మా మరదలిది. జంతికలు, సున్నుండలు, అరిసెలు చేసి యూనివర్సిటీ క్యాంపస్‌లోని హాస్టళ్ళకీ, క్వార్టర్స్‌కీ, హబ్సిగూడ ఇళ్ళకీ ఇస్తుంటుంది. ఆటోలకి పోసిన డబ్బు చూసి చూసి, ఈ ఏడాది అప్పు చేసి కారు కొనుక్కుంది. అదే కారులో పిల్లలు స్కూలుకి వెళతారు, నాన్నగారు ఆస్పత్రికి వెళతారు.

"మామయ్యగారూ, నా వంతు నేనిచ్చేస్తాను. ఎంతో చెప్పండి" అంది మరదలు. కళ్ళలో నీళ్ళు ఆపుకుంటోందని గొంతు చెబుతోంది.

"ఇంట్లో కరెంటేగా, దానికీ లెక్కేమిటి?" అన్నాడు మా తమ్ముడు. వాడు మంచి ఉద్దేశంతోనే అన్నాడు. కానీ మరదలి ముఖం ఇంకా చిన్నబోయింది. నాకప్పుడు అర్థమైంది. లెక్క అడిగితే చిన్నతనమనుకుంటాం గానీ, లెక్కే అక్కర్లేదనడం అంతకంటే చిన్నచూపు. 'నీది వ్యాపారమా, కాలక్షేపమా' అన్నట్టే కదా!

నా లెక్క తప్పింది!

బిల్లు చేతికి తీసుకుని, చదువుకున్న దాన్ని కదా అని టకటకా లెక్క చెప్పేశాను. 280 యూనిట్లకి కరెంటు చార్జీ 1,636 రూపాయలు (స్థిర చార్జీలూ, సుంకమూ విడి). అంటే యూనిట్‌కి 5 రూపాయల 84 పైసలు. వంద యూనిట్లకి 584. "అంతే నాన్నగారూ!" అన్నాను.

నాన్నగారు నవ్వి పాత బిల్లు ముందుకు తోశారు. "మరి కారు లేనప్పుడు 180 యూనిట్లకి నేను కట్టింది 724. ఇప్పుడు 1,636. తేడా ఎంత?"

తేడా 912! నా బి.కాం. పరువు కాస్తా పోయింది.

ఎందుకలా? మన రాష్ట్రంలో 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన శ్లాబుల రేట్లతో వేసిన లెక్క ఇది. నెలకి 200 యూనిట్లు దాటకపోతే (అందులోనూ వందకి పైగా వాడేవాళ్ళకి) మొదటి వందకి యూనిట్ 3.40, ఆ తర్వాతి వందకి 4.80. 200 దాటారో, లెక్క మొదటినుంచీ మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకీ 5.10 చొప్పున, ఆ పైన 300 దాకా 7.70, ఇంకా పైన 400 దాకా 9 రూపాయలు. అంటే కారు తన వంద యూనిట్లకే కాదు, అప్పటిదాకా చవగ్గా వెలుగుతున్న మన లైట్లకీ, తిరుగుతున్న మిక్సీకీ కూడా రేటు పెంచేసిందన్నమాట! అందుకే కారు తాగిన ఒక్కో యూనిట్ ఇంటికి పడిన అసలు ఖరీదు 9 రూపాయల 12 పైసలు.

ఇది కార్లున్న వాళ్ళ గొడవేలే అనుకోకండి. తెలంగాణలో అర్హులైన రేషన్ కార్డు కుటుంబాలకి 2024 మార్చి బిల్లుల నుంచి 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు వస్తోంది. నెలకి 170 యూనిట్లు వాడే ఇంట్లో కూరగాయలు తేవడానికో, చీరలు అమ్మడానికో ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నారనుకోండి. దాని చార్జింగ్‌కి 45 యూనిట్లు కలిస్తే 215. సున్నా బిల్లు కాస్తా 1,135 రూపాయలు దాటుతుంది! పదిహేను యూనిట్ల దగ్గర పడే దెబ్బ అది. లెక్క తెలిసుంటే ఆ పదిహేనూ ఎక్కడ తగ్గించుకోవాలో ముందే చూసుకోవచ్చు.

పాలు కాచినట్టే

కారు ఎన్ని యూనిట్లు తీసుకుందో తెలిసేదెలా? ఆ నెల నిరుటి బిల్లుతో పోల్చుకున్నాం, చలికాలం కాబట్టి సరిపోయింది. వేసవిలో కూలరూ, ఏసీ తోడైతే ఈ ఉపాయం పనిచేయదు.

మరదలు ఫోన్‌లో చూపించింది. అందులో నెల మొత్తానికి 87 యూనిట్లే ఉంది. అది బ్యాటరీలోకి చేరిన కరెంటు. గోడ నుంచి బ్యాటరీకి చేరేలోపు కొంత వేడిగా పోతుంది. లీటరు పాలు కాస్తే గిన్నెలో లీటరూ మిగలదు కదా! పాలవాడికి మాత్రం లీటరుకే డబ్బివ్వాలి. కరెంటు బిల్లూ అంతే, గోడ దగ్గర లెక్కకే కట్టాలి.

అందుకని ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి, అద్దె ఇళ్ళల్లో పెడతారే, అలాంటి సబ్‌మీటరు ఒకటి కారు ప్లగ్గుకి వెళ్ళే వైరు మీద పెట్టించాం. అతను ఇంకో రెండు మాటలు చెప్పాడు. ఆ ప్లగ్గుకి ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టకూడదు. చిన్న కార్లతో వచ్చే చార్జరు గంటల తరబడి 3.3 కిలోవాట్లు లాగుతుంది కాబట్టి, మీటరు మీద అనుమతించిన లోడు ఎంతుందో చూసుకుని, చాలకపోతే కరెంటాఫీసులో పెంచమని దరఖాస్తు పెట్టుకోవాలి. ఇంటి కనెక్షన్‌తో సొంత కారు చార్జింగ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాల్లోనే చెప్పింది కాబట్టి ఆ భయం అక్కర్లేదు.

నోటుబుక్కు, పెన్సిలు

ఇక రెండో చిక్కు. ఆ 912లో వ్యాపారం వంతెంత, ఇంటి వంతెంత? పచారీ కొట్టు పద్దులాంటి చిన్న నోటుబుక్కుకి దారం కట్టి, పెన్సిలుతో సహా కారులో వేలాడదీశాం. బయల్దేరేటప్పుడూ, తిరిగొచ్చాకా కిలోమీటర్ల అంకె, పక్కన 'ఆర్డరు' అనో 'ఇల్లు' అనో ఒక్క మాట. కరెంటు రీడింగు తీసే రోజునే సబ్‌మీటరు అంకె కూడా. అంతే, రోజుకి అర నిమిషం పని.

మొదటి నెల తిరిగేసరికి కారు తిరిగింది 600 కిలోమీటర్లు. అందులో ఆర్డర్లకి 420, ఇంటి పనులకి 180. కరెంటు ఆ నెలా సరిగ్గా వంద యూనిట్ల దగ్గరే ఆగింది. వ్యాపారం వంతు నూటికి డెబ్భై, అంటే 638 రూపాయలు. కిలోమీటరుకి రూపాయిన్నర పైచిలుకు. లీటరుకి పదిహేను కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారైతే ఏడు రూపాయలు దాటేది కాబట్టి కారు కొని మరదలు తప్పు చేయలేదు. నాన్నగారి అనుమానమూ తప్పు కాదు!

పుస్తకం ఇంకో రహస్యం కూడా బయటపెట్టింది. క్యాంపస్ ఆర్డర్లు నడిచి వెళ్ళేంత దూరం. గచ్చిబౌలి ఆర్డరొస్తే మాత్రం పోను రాను దాదాపు యాభై కిలోమీటర్లు. కరెంటే 76 రూపాయలు. టైర్లూ, ఇన్సూరెన్సూ, వాయిదా, ఒక పూట కాలం ఇవేవీ కలపకుండానే! రెండు కిలోల జంతికలకి అంత దూరం 'ఉచితంగా' తీసుకెళ్ళి ఇస్తోంది ఇన్నాళ్ళూ. ఇప్పుడు అటువైపు ఆర్డర్లన్నీ శనివారానికి కలిపి పెట్టి, దూరానికి విడిగా తీసుకుంటోంది. ఒక్కరూ కాదనలేదట.

ఆదాయపు పన్ను లెక్కలు రాసి చూపించేవాళ్ళకి కూడా ఈ పుస్తకమే ఆధారం. సగం ఇంటికీ సగం వ్యాపారానికీ వాడే కారులో వ్యాపారం వంతునే ఖర్చుగా చూపాలి. అమ్మకాల మీద ఇంత శాతం లాభమని అంచనా పద్ధతిలో పన్ను కట్టేవాళ్ళు మాత్రం ఈ ఖర్చును విడిగా తగ్గించుకోలేరు. అయినా మన లాభమెంతో మనకి తెలియాలి కదా!

ఆ నెల మరదలితో కలిసి క్యాంపస్‌కి వెళ్ళాను. ఆంధ్ర మహిళా సభ కాలేజీ దగ్గర దుర్గాబాయమ్మ గారు గుర్తొచ్చారు. 1923 కాకినాడ కాంగ్రెస్ సభల సమయంలో పద్నాలుగేళ్ళ వాలంటీరుగా ఉండి, టికెట్టు లేదని నెహ్రూ గారినే ప్రదర్శన గుమ్మంలో ఆపిన ధీర ఆవిడ. మనిషి ఎంతటివారైనా లెక్క లెక్కే! అది అగౌరవం కాదు.

ఇంటికొచ్చాక మరదలు నాన్నగారి చేతిలో 640 రూపాయలు పెట్టింది. ఆయన వద్దంటారేమోనని నేను చూస్తున్నాను. అనలేదు. లెక్కపెట్టుకుని, డైరీ తీసి తారీఖు వేసి రాసుకుని, జేబులోంచి రెండు రూపాయల బిళ్ళ తీసి ఆమె చేతిలో పెట్టారు.

"638 కదమ్మా, నీ చిల్లర" అన్నారు.

మరదలి ముఖంలో అంత వెలుగు నేను మునుపెప్పుడూ చూడలేదు. ఆ రెండు రూపాయలతో ఆమె పని ఆ ఇంట్లో నిజంగా వ్యాపారమైపోయింది మరి!