గట్టు మీద వ్యాపారం గిట్టుతుందా?

రొయ్యల చెరువుల్లో వైర్‌లెస్ సెన్సర్ల నెట్‌వర్క్ పెట్టడం ఇప్పుడు తేలికే. దాన్ని నడిపి నాలుగు రాళ్లు వెనకేసుకోవడమే అసలు పరీక్ష

తెల్లవారుజాము మూడు గంటలు. ఊళ్లన్నీ గాఢ నిద్రలో ఉండే ఆ వేళ భీమవరం పరిసరాల్లోని రొయ్యల చెరువుల గట్ల మీద టార్చిలైట్లు కదులుతుంటాయి. పగలంతా ఎండలో ఆక్సిజన్ తయారుచేసిన ప్లాంక్టన్, చీకటిపడ్డాక రొయ్యలతో పోటీపడి అదే ఆక్సిజన్‌ను పీల్చేస్తుంది. తెల్లవారే వేళకు నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ కనిష్ఠ స్థాయికి చేరుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాములకు పైన ఉంటే వనామీ రొయ్యకు ఢోకా లేదు. 3 కంటే దిగితే ఒత్తిడి మొదలవుతుంది. అదే సమయంలో కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే, నాలుగు నెలల పెట్టుబడి అక్షరాలా నీళ్లపాలవుతుంది.

ఆ ప్రమాదాన్ని ముందే పసిగట్టి రైతు ఫోన్‌ను మోగించే పరికరం కొత్తదేమీ కాదు. నీటిలో ఒక సెన్సర్, గట్టు మీద చిన్న రేడియో పెట్టె, ఊళ్లో ఎత్తయిన మేడ మీద ఆ సంకేతాలను అందుకుని ఇంటర్నెట్‌లోకి పంపే గేట్‌వే ఉంటే చాలు. ఎలక్ట్రానిక్స్ చదివిన స్థానిక యువకుడు చుట్టుపక్కల వంద చెరువులకు ఈ సేవ అందించి బతకగలడా అన్నదే ప్రశ్న. సాంకేతికంగా చూస్తే అవుననే చెప్పాలి. జమాఖర్చులు చూస్తే మాత్రం జవాబు అంత సూటిగా ఉండదు.

ఆకాశం ఉచితమే

ఈ రంగంలో ఒకప్పటి పెద్ద అడ్డంకులు రెండూ తొలగిపోయాయి. మొదటిది లైసెన్సు. 865-867 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తితో పనిచేసే రేడియోలకు లైసెన్సు అక్కర్లేదని కేంద్రం 2005లోనే ప్రకటించింది. 2021లో ఆ పరిధిని 868 వరకూ పొడిగించింది. పరికరం నమూనాకు టెలికం శాఖ వైర్‌లెస్ విభాగం ఆమోదం మాత్రం ఉండాలి. యంత్రాలను నెట్‌వర్క్‌తో కలిపే సేవలను అమ్మేవారు నమోదు చేసుకోవాలంటూ 2022 ఫిబ్రవరిలో టెలికం శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. కాబట్టి వ్యాపారం మొదలుపెట్టేవారు ముందు ఈ కాగితాల పని చూసుకోవడం మంచిది.

రెండో అడ్డంకి దూరం. 2003 నాటి ప్రమాణాలపై వచ్చిన జిగ్బీ రేడియోలు పదుల మీటర్లు, మహా అయితే కొన్ని వందల మీటర్ల వరకే పనిచేసేవి. దాంతో దారి పొడవునా మధ్యలో మరిన్ని పెట్టెలు పెట్టాల్సి వచ్చేది. లోరా పరిజ్ఞానం ఆ బాధను తప్పించింది. పంపేది కొద్దిపాటి సమాచారమే అయినా, డెల్టాలాంటి చదునైన నేలపై ఒకే గేట్‌వే కొన్ని కిలోమీటర్ల మేర చెరువులను అందుకోగలదు.

పావగడ పాఠం

ఇరవై ఏళ్ల కిందట ఇదే ఆలోచన రాయలసీమ సరిహద్దునే ఉన్న కర్ణాటకలోని పావగడ తాలూకాలో పరీక్షకు నిలిచింది. బెంగళూరులోని ఐఐఎస్‌సీ, స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్ఎల్ పరిశోధకులు చెన్నకేశవపుర గ్రామంలో మెట్ట రైతుల కోసం వైర్‌లెస్ సెన్సర్లు నాటారు. నేలలో తేమ ఎంతో అవి చెప్పగలిగాయి. అయితే వాన మీదే ఆధారపడిన చిన్న రైతుకు తేమ తగ్గిందని తెలిసినా, పెట్టడానికి నీళ్లేవి? ఆ సమాచారంతో అప్పటికప్పుడు చేయగలిగింది తక్కువే కావడంతో ప్రాజెక్టు చూపు క్రమంగా రైతు నుంచి పంటలను అధ్యయనం చేసే శాస్త్రవేత్త వైపు మళ్లింది.

నాసిక్ ద్రాక్ష తోటల కథ వేరు. అదే దశాబ్దంలో ఐఐటీ బొంబాయి బృందం అక్కడ అగ్రిసెన్స్ పేరుతో ప్రయోగం చేసింది. ఆ బృందానికి సారథ్యం వహించిన ఉదయ్ దేశాయ్ తర్వాత ఐఐటీ హైదరాబాద్ తొలి డైరెక్టరయ్యారు. ఇప్పుడు ఫసల్, ఫైలో లాంటి సంస్థల పరికరాలను ద్రాక్ష రైతులు డబ్బిచ్చి పెట్టించుకుంటున్నారు. తెగులు ఎప్పుడు రావచ్చో తెలిస్తే అనవసరపు మందు పిచికారీ తప్పుతుంది, ఆ మేరకు ఖర్చు మిగులుతుంది. సెన్సర్ చెప్పిన అంకెతో రైతు వెంటనే ఏదో ఒకటి చేయగలిగి, దానివల్ల డబ్బు మిగిలితేనే అది అమ్ముడుపోతుంది. ఆ కొలతకు రొయ్యల చెరువు సరిగ్గా సరిపోతుంది. ఆక్సిజన్ తగ్గితే ఏరేటర్ వేయడమే తరువాయి.

విజయవాడలో 2012లో మొదలైన ఎరువాక టెక్నాలజీస్ ఈ అవకాశాన్ని ముందే గుర్తించింది. చెరువు నీటిని కనిపెట్టే పరికరాలతో మొదలై, రొయ్యలు మేత తినే శబ్దాన్ని విని మేత వేసే యంత్రాల దాకా వెళ్లింది. నెదర్లాండ్స్‌కు చెందిన మేత దిగ్గజం న్యూట్రెకో అందులో పెట్టుబడి పెట్టింది. రొయ్యల సాగులో అతిపెద్ద ఖర్చు మేతే కాబట్టి, సెన్సర్ విలువ మేత అమ్మేవారికీ తెలిసిందన్నమాట.

మేడ మీద లెక్క, చెరువులో లెక్క

ఇక చిన్న వ్యాపారి సంగతి. ఒక ఉదాహరణ తీసుకుందాం. వంద చెరువులు, ఒక్కో చెరువుకు పరికరాల ఖర్చు రూ.25,000 అనుకుంటే పెట్టుబడి రూ.25 లక్షలు. నాలుగేళ్లు మన్నితే ఏడాదికి రూ.6.25 లక్షలు అరుగుదల కింద పోతుంది. ఇద్దరు కుర్రాళ్లకు నెలకు రూ.15,000 చొప్పున ఏడాది జీతాలు రూ.3.6 లక్షలు. పెట్రోలు, సిమ్‌లు, విడిభాగాలకు మరో రూ.1.6 లక్షలు. మొత్తం ఖర్చు రూ.11.45 లక్షలు. రెండు పంటలు కలిపి ఎనిమిది నెలలు చెరువులో రొయ్య ఉంటుందనుకుంటే, నెలకు రూ.1,000 అద్దెకు వచ్చేది రూ.8 లక్షలే. అద్దె రూ.2,000 చేస్తే రూ.16 లక్షలొచ్చి, రూ.4.55 లక్షలు మిగులుతుంది.

కాగితం మీద ఇది బాగానే ఉంది. కానీ రైతు చేతికి డబ్బొచ్చేది పట్టుబడి రోజునే. వైట్ స్పాట్ సోకి ముందే చెరువు పడితే అద్దె సంగతి చివరికి పోతుంది. వంద మందిలో 30 మంది కట్టలేకపోయినా రూ.4.8 లక్షలు తగ్గుతుంది. అంటే మిగులంతా పోయి, పైన రూ.25,000 నష్టం. ధరల దెబ్బ దీనికి అదనం. అమెరికా 2025 ఆగస్టులో భారత సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ గట్టు మీది రైతు దాకా వచ్చింది.

అసలు తిరకాసు నీటిలోనే ఉంది. పోషకాలు నిండిన చెరువులో సెన్సర్ మొనపై కొద్ది రోజుల్లోనే పాచి పేరుకుంటుంది. తుడవకపోతే అది తప్పుడు అంకెలు చెబుతుంది. రాత్రిపూట ఉత్తిపుణ్యానికి రెండుసార్లు మోగిన అలారాన్ని మూడోసారి రైతు పట్టించుకోడు. మోగాల్సిన రాత్రి మోగకపోతే మర్నాడు ఆ వ్యాపారికి ఊళ్లో ముఖం చెల్లదు. కాబట్టి వారానికోసారి ప్రతి చెరువుకూ మనిషి వెళ్లి సెన్సర్‌ను శుభ్రం చేసి, కొలత సరిచూడాల్సిందే.

దూరాన ఉండే పెద్ద కంపెనీకి భారమయ్యే ఈ పనే స్థానికుడికి బలం. అయితే చెరువులు దగ్గరదగ్గరగా ఉండాలి. పది కిలోమీటర్ల లోపలున్న వంద చెరువులను ఇద్దరు మనుషులు చూసుకోగలరు. నలభై కిలోమీటర్లలో చెదిరి ఉంటే పెట్రోలే మిగులును మింగేస్తుంది. పరికరాన్ని రైతే కొనుక్కుంటే, లేదా మేత డీలరు తన ఖాతాదారుల కోసం ఖర్చు పంచుకుంటే అరుగుదల భారం తప్పి, తక్కువ అద్దెకే వ్యాపారం నిలుస్తుంది.

కాబట్టి మొదలుపెట్టేవారు వందతో కాక, ఒకే కాలవ వెంబడి ఉన్న పది చెరువులతో ఒక పంట కాలం నడిపి చూడటం మేలు. సెన్సర్లు, రేడియోలు బజారులో దొరుకుతాయి. తెల్లవారుజామున మూడింటికి ఫోన్ మోగితే ఎత్తి, బండి తీసే మనిషిని మాత్రం ఊళ్లోనే వెతుక్కోవాలి.