ఆవలి ఒడ్డు దీపం

అమెరికన్ రచయిత ఎఫ్. స్కాట్ ఫిట్జెరాల్డ్ రచించిన ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ నవల 1925లో వెలువడింది. కథాకాలం 1922 వేసవి. మద్యనిషేధం అమలులో ఉండగా అక్రమ వ్యాపారాలతో కొందరు అపార ధనం గడించిన రోజులవి.

నాయకుడు గాట్స్‌బీ అట్లు గడించినవాడే. పేద రైతుబిడ్డ. సైన్యంలో ఉన్నప్పుడు డెయిజీ అనే సంపన్న యువతిని ప్రేమించాడు. అతడు యుద్ధానికి వెళ్ళగా ఆమె ధనికుడైన టామ్‌ను వివాహమాడింది. తరువాత గాట్స్‌బీ న్యూయార్క్ సమీపాన, ఆమె ఇంటికి ఎదురుగా, సముద్రపాయకు ఈవలి ఒడ్డున ఒక సౌధం కొన్నాడు. ఆమె ఇంటి రేవులో వెలిగే ఆకుపచ్చ దీపమే అతని లోకం. ఏనాటికైనా ఆమె రాకపోదని విందులు చేశాడు. అతిథులలో చాలామంది అతనిని ఎరుగరు. ఆ ఇంటి గ్రంథాలయంలోని పుస్తకాలు నిజమైనవే, కాని పుటల అంచులు కత్తిరించి ఎవరూ చదివిన జాడ లేదు. ఆ ఐశ్వర్య స్వరూపమంతా ఈ ఒక్క వివరంలోనే ఉన్నదని నాకు తోస్తుంది.

గడచిన ఐదేళ్ళను చెరిపివేయవచ్చునని అతడు నమ్మాడు. టామ్‌ను ఏనాడూ ప్రేమించలేదని డెయిజీ చేత చెప్పించబూనాడు. ఆమె చెప్పలేకపోయింది. ఆమె నడిపిన కారు ఢీకొని ఒక స్త్రీ మరణించగా, నింద గాట్స్‌బీపై పడింది. మృతురాలి భర్త అతనిని కాల్చి చంపాడు.

వందలమంది విందారగించిన ఆ ఇంటి యజమాని అంత్యక్రియలకు తండ్రి, కథకుడు నిక్, కొందరు పనివారు, తపాలా బంట్రోతు, ఒకే ఒక్క అతిథి వచ్చారు. డెయిజీ పువ్వైనా పంపలేదు. కొడుకు చిన్ననాడు వ్రాసుకొన్న దినచర్యను తండ్రి నిక్‌కు చూపాడు. ఉదయం 6 గంటలకు నిద్ర లేవాలి, వ్యాయామం చేయాలి, వారానికి ఒక మంచి పుస్తకమో పత్రికో చదవాలి అని అందులో ఉన్నది.