శుక్లం శస్త్రచికిత్సకు ముందు కంటి పొడవు కొలత: మూడు పద్ధతుల పోలిక

పరిచయం

శుక్లం తొలగించిన కంటిలో కృత్రిమ కటకాన్ని అమరుస్తారని మీకు తెలుసు. ఆ కటక సామర్థ్యాన్ని ముందే లెక్కించాలి. ఇందుకు కార్నియా వక్రతతోపాటు కార్నియా నుంచి రెటీనా వరకు ఉండే కంటి పొడవు కావాలి. పెద్దవారిలో ఇది సగటున 23.5 మి.మీ. ఈ కొలతలో 1 మి.మీ. పొరపాటు జరిగితే, ఎంచుకునే కటక సామర్థ్యం సుమారు 2.5 డయాప్టర్లు మారిపోతుంది.

1. స్పర్శ పద్ధతి

మత్తు చుక్కలు వేసి, ఎ-స్కాన్ ప్రోబును కార్నియాపై ఆనిస్తారు. అతిధ్వని తరంగాలు రెటీనాను తాకి తిరిగి వస్తాయి. కంటిలో ధ్వని సగటు వేగం సెకనుకు 1550 మీటర్లు. రాకపోకలకు 30.3 మైక్రోసెకన్లు పట్టిందనుకోండి. వేగాన్ని కాలంతో గుణించి 2తో భాగిస్తే దాదాపు 23.5 మి.మీ. వస్తుంది.

ఈ పరికరం ధర తక్కువ, శిబిరాలకు తీసుకెళ్లడం తేలిక. కానీ ప్రోబు కార్నియాను నొక్కితే కన్ను పొట్టిగా నమోదవుతుంది. 0.2 మి.మీ. నొక్కుడుకు అర డయాప్టరు ఎక్కువ సామర్థ్యం గల కటకం ఎంపికవుతుంది. రోగికి కొంత హ్రస్వదృష్టి మిగులుతుంది.

2. నిమజ్జన పద్ధతి

ఇదీ అతిధ్వనితోనే చేస్తారు. కంటిపై చిన్న గిన్నెలాంటి తొడుగు ఉంచి సెలైన్ నింపుతారు. ప్రోబు ద్రవంలోనే ఉంటుంది, కార్నియాను తాకదు. కాబట్టి నొక్కుడు దోషం ఉండదు. అయితే సమయం, నేర్పు ఎక్కువ కావాలి.

3. కాంతి పద్ధతి

1999లో జైస్ సంస్థ ఐఓఎల్ మాస్టర్‌తో ఇది వాడుకలోకి వచ్చింది. పరారుణ కాంతి వ్యతికరణం ఆధారంగా, కంటిని తాకకుండానే కొలుస్తుంది. ఖచ్చితత్వం మిల్లీమీటరులో నూరోవంతు స్థాయిలో ఉంటుంది. రోగి దీపాన్ని నిలకడగా చూడగలగాలి, కాంతి రెటీనాను చేరగలగాలి.

ఏది ఎప్పుడు?

కోటవురట్లలో ఒక రైతు పంట పనులు ముగిసేదాకా ఆగి, శుక్లం బాగా ముదిరాక ఆసుపత్రికి వచ్చాడనుకోండి. కంటిపాప తెల్లగా ఉంది. కాంతి లోపలికి పోదు, అత్యంత ఖచ్చితమైన పరికరమే ఇక్కడ పనికిరాదు. ధ్వనికి ఆ అడ్డు లేదు. అప్పుడు నిమజ్జన పద్ధతి మేలు. అది లేనిచోట స్పర్శ పద్ధతిలోనే నొక్కకుండా పలుమార్లు కొలవాలి. రెండు కళ్ల మధ్య 0.3 మి.మీ.కు మించి తేడా కనిపిస్తే మళ్లీ కొలిచి నిర్ధారించుకోవాలి.

సారాంశం

లేత శుక్లానికి కాంతి పద్ధతి, ముదిరిన శుక్లానికి అతిధ్వని పద్ధతి తగినవి. పద్ధతిని నిర్ణయించేది పరికరం కొత్తదనం కాదు, రోగి కంటి స్థితి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పై లెక్కలో కాలాన్ని 2తో ఎందుకు భాగించాం?
2. స్పర్శ పద్ధతిలో నొక్కుడు దోషం ఎప్పుడూ కన్ను పొట్టిగా చూపే దిశలోనే ఎందుకుంటుంది?