ముష్టియుద్ధంలో కూడికలు, తీసివేతలు చెల్లవు
కిన్షాసాలో తలకిందులైన అంచనాలు

ముష్టియుద్ధం జరగబోతోందంటే గెలుపెవరిదన్న వాదన నెలరోజుల ముందే మొదలవుతుంది. సంక్రాంతి బరి దగ్గర రంగు చూసి, నక్షత్రం చూసి కోడిమీద డబ్బు కట్టేవారున్నట్టే, బాక్సింగ్‌లో పాత ఫలితాలు చూసి కట్టేవారుంటారు. 1974లో అలాంటివారు చాలామంది మునిగారు.

ఆ ఏడు అక్టోబరు 30న ఆఫ్రికాలోని జైర్ (నేటి డెమొక్రాటిక్ కాంగో) రాజధాని కిన్షాసాలో జార్జి ఫోర్‌మన్, మహమ్మద్ అలీ తలపడ్డారు. హెవీవెయిట్ ప్రపంచ టైటిల్ అప్పుడు ఫోర్‌మన్‌ది. పాతికేళ్ల వాడు. 40 పోటీలాడి ఒక్కటీ ఓడలేదు. అలీకి 32 ఏళ్లు. సైన్యంలో చేరనన్నందుకు 1967లో టైటిల్ పోగొట్టుకుని, మూడేళ్లకు పైగా రింగుకు దూరమై తిరిగి వచ్చినవాడు.

పందెంరాయుళ్ల లెక్క సులువైనది. అలీని 1971లో జో ఫ్రేజియర్ ఓడించాడు. 1973లో కెన్ నార్టన్ దవడ విరగ్గొట్టి మరీ ఓడించాడు. తర్వాత ఇద్దరిమీదా అలీ గెలిచాడు గానీ, ఆఖరి రౌండు దాకా చెమటోడ్చాల్సి వచ్చింది. ఆ ఇద్దరినీ ఫోర్‌మన్ రెండేసి రౌండ్లలో చిత్తు చేశాడు. ఫ్రేజియర్‌నయితే ఆరుసార్లు కింద పడేశాడు. ఇక అలీ ఎంత?

మనుషుల్ని లెక్కించారు గాని, వారి పోరు తీరు చూడలేదు. ఫ్రేజియర్ పొట్టివాడు. నడుం వంచి ముందుకే దూసుకొస్తాడు. ఎడమచేతి హుక్ తగలాలంటే ప్రత్యర్థి ఒళ్లోకి వెళ్లాల్సిందే. కిందనుంచి పైకి ఎత్తి కొట్టే ఫోర్‌మన్ ముందు అది కొడవలి కింద మెడ పెట్టడమే. నార్టన్ తానే మీదికి వెళ్లినప్పుడు మొనగాడు, వెనక్కి నెడితే తడబడతాడు. ఫోర్‌మన్ అందరినీ వెనక్కే నెడతాడు.

అలీ సంగతి వేరు. పొడగరి, చేతులు చురుకు, దెబ్బకు ఓర్చే దవడ. ఫోర్‌మన్ గుద్దులు చుట్టూ తిరిగివస్తాయి. అలీ గుద్దు తిన్నగా వెళ్తుంది గనుక ముందే తగులుతుంది. పైగా అంతవరకు ఫోర్‌మన్ ఆడిన టైటిల్ పోటీలు మూడూ కలిపితే అయిదు రౌండ్లే. ఇది మాత్రం 15 రౌండ్ల పోటీ.

అలీ రింగంతా తిరుగుతూ తప్పించుకుంటాడనే అందరూ అనుకున్నారు. అతను రెండో రౌండు నుంచే తాళ్లకు ఆనుకుని, ముఖానికి చేతులు అడ్డుపెట్టి కొట్టనిచ్చాడు. తెల్లవారుజాము పోటీ అయినా ఉక్కపోత. దెబ్బలు చాలావరకు చేతులమీదే పడ్డాయి. సందు దొరికినప్పుడల్లా అలీ తిరిగి కొట్టాడు. అయిదో రౌండు దాటేసరికి ఫోర్‌మన్ చేతులు బరువెక్కాయి. ఎనిమిదో రౌండు చివరి క్షణాల్లో కింద పడ్డాడు. లెక్క పూర్తయ్యేలోగా నిలదొక్కుకోలేకపోయాడు.

తాళ్లకు ఆనుకోవడం చూసి అలీ మూలన ఉన్న శిక్షకుడు ఏంజెలో డండీయే కంగారుపడ్డాడు. ఇరవై ఏళ్ల తర్వాత, 1994 నవంబరులో, అదే డండీ ఫోర్‌మన్ మూలన నిలబడ్డాడు. ఫోర్‌మన్‌కు అప్పుడు 45 ఏళ్లు. ఛాంపియన్ మైఖేల్ మూరర్ పాయింట్లలో ముందున్నాడు. కానీ కదలకుండా ఎదురుగానే నిలుచున్నాడు. పదో రౌండులో ఫోర్‌మన్ కుడిచెయ్యి తగిలింది. మూరర్ మళ్లీ లేవలేదు.