పాలకవర్గ సభ్యుని సంతకం - దాని వెనుక బాధ్యత

పాల సంఘాలలో పాలకవర్గానికి ఎన్నికలు వచ్చినప్పుడు పోటీ గట్టిగానే ఉంటుంది. ఎన్నిక ముగిసి ఆరు నెలలు గడిచేసరికి సమావేశానికి కోరం దొరకడమే కష్టమవుతుంది. కార్యదర్శి మినిట్సు పుస్తకం చంకన పెట్టుకొని ఇంటింటికీ తిరిగి సంతకాలు సేకరిస్తాడు. "అంతా అధ్యక్షులవారు చూసుకుంటారులే" అని సభ్యుడు చదవకుండానే సంతకం పెడతాడు. ఆ సంతకంతో తనపై పడే బాధ్యత ఎటువంటిదో చాలామందికి తెలియదు. ఈ విషయంలో పెద్ద కంపెనీ డైరెక్టరుకూ, గ్రామ పాల సంఘం పాలకవర్గ సభ్యునికీ భేదం స్వల్పం. కనుక రెండింటినీ కలిపి వివరిస్తున్నాము.

డైరెక్టరు యజమాని కాడు

కంపెనీలో వాటాదారులు వేలమంది ఉంటారు. అందరూ కూర్చొని ప్రతిదినం వ్యవహారం నడపలేరు గనుక కొందరిని ఎన్నుకొని అప్పగిస్తారు. వారే డైరెక్టర్లు. వారు దేవాలయ ధర్మకర్తల వంటివారు. తాళంచెవి వారి చేతిలో ఉంటుంది గాని, హుండీ వారిది కాదు. మన సంఘాలలోనూ అంతే. వాటాధనం సభ్యులది, పాలు సభ్యులవి, మిగులు సభ్యులది. పాలకవర్గం కావలిదారు మాత్రమే.

నాటి న్యాయం, నేటి న్యాయం

బ్రిటనులో కార్డిఫ్ పొదుపు బ్యాంకుకు బ్యూట్ ప్రభువు అధ్యక్షుడు. తండ్రి తదనంతరం ఆరు నెలల పసివాడుగా ఉన్నప్పుడే ఆయనకు ఆ పదవి వచ్చింది. పెద్దయిన తరువాత కూడా ఆయన హాజరైన సమావేశం ఒక్కటే. బ్యాంకులో మోసం జరిగి డిపాజిటుదారులు నష్టపోయారు. 1892లో కోర్టు, ఆయనకు ఏమీ తెలియదు గనుక బాధ్యత లేదని తీర్పు చెప్పింది. అంటే, సమావేశానికి రానివాడే సుఖపడ్డాడన్నమాట!

నేడు ఆ వాదం చెల్లదు. మన దేశంలో 2013 కంపెనీల చట్టం 166వ సెక్షను డైరెక్టరు విధులను స్పష్టంగా చెప్పింది. సద్బుద్ధితో పనిచేయాలి. తగిన జాగ్రత్త, నేర్పు, శ్రద్ధ చూపాలి. స్వప్రయోజనానికీ కంపెనీ ప్రయోజనానికీ పోటీ వచ్చే వ్యవహారంలో తలదూర్చరాదు. తనకుగాని, బంధువులకుగాని అక్రమ లాభం చేకూర్చరాదు. అలా పొందినట్లు తేలితే ఆ మొత్తాన్ని కంపెనీకి చెల్లించాలి. తన పదవిని మరొకరికి బదలాయించరాదు. ఈ విధులను మీరితే లక్ష నుండి 5 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటుంది.

పాల ఉత్పత్తిదారుల కంపెనీలకైతే మరొక నియమం కూడా ఉంది. చట్టానికిగాని, నియమావళికిగాని విరుద్ధమైన పనికి ఓటు వేసి ఆమోదించిన డైరెక్టర్లు, దానివల్ల కంపెనీకి కలిగిన నష్టాన్ని విడిగానూ ఉమ్మడిగానూ భరించాలి.

సత్యం కంపెనీ నేర్పిన పాఠం

హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ బోర్డులో పేరుపొందిన ఆచార్యులు, ఉన్నత పదవులు నిర్వహించినవారు ఉండేవారు. 2008 డిసెంబరు 16న ఆ బోర్డు, అధ్యక్షుని కుటుంబానికి సంబంధించిన రెండు మేటాస్ కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లతో కొనడానికి ఆమోదించింది. వాటాదారులు గగ్గోలు పెట్టడంతో గంటల వ్యవధిలోనే ఆ నిర్ణయాన్ని విరమించుకున్నారు. 2009 జనవరి 7న అధ్యక్షుడే అసలు సంగతి లేఖలో రాశాడు. పుస్తకాలలో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్లు అసలు లేనేలేవు! ఎంత పెద్ద చదువులు చదివినవారున్నా, కాగితం మీది అంకెను బ్యాంకు లెక్కతో సరిచూడకపోతే ఏమవుతుందో దీనివల్ల తెలుస్తున్నది.

మన సంఘాల సంగతి

"మాది చిన్న సంఘం, ఇక్కడ కోట్లెక్కడివి?" అని కొందరు అనవచ్చు. రోజుకు 400 లీటర్లు సేకరించే సంఘాన్ని తీసుకోండి. వెన్న పరీక్షలోగాని, కొలతలోగాని లీటరుకు అర్ధరూపాయి తేడా వస్తే ఏడాదికి 73,000 రూపాయలు అవుతుంది. ఆ డబ్బు ఒకటి రెండు గేదెలున్న బీదవాని పాల బిల్లులోనుంచి పోయినదే.

రెండు తెలుగు రాష్ట్రాలలోనూ 1964 సహకార సంఘాల చట్టం కింద నమోదైన సంఘాలకు 60వ సెక్షను వర్తిస్తుంది. ఆడిటులోగాని, విచారణలోగాని, తనిఖీలోగాని నిధుల స్వాహా బయటపడినా, ఉద్దేశపూర్వక నిర్లక్ష్యం వల్ల సంఘం ఆస్తికి లోటు వచ్చినా, బాధ్యులు చెప్పుకొనేది విని, ఆ సొమ్మును వడ్డీతో సహా చెల్లించవలసిందిగా ఉత్తర్వు చేయవచ్చు. దీనినే సర్‌చార్జి అంటారు. కార్యదర్శి ఒక్కడే కాదు, పాలకవర్గ సభ్యులు కూడా దీని పరిధిలోకి వస్తారు. పదవి దిగిపోయినంత మాత్రాన తప్పించుకోలేరు.

పాటించవలసిన పద్ధతులు

1. సమావేశంలో కూర్చొని, తీర్మానం చదివించుకొని, అక్కడే సంతకం చేయాలి. తీర్మానం కింద ఖాళీ జాగా వదలరాదు.

2. ఖాళీ చెక్కుపై ఎట్టి పరిస్థితులలోనూ సంతకం పెట్టరాదు.

3. ప్రతి నెలా నగదు పుస్తకపు నిల్వను బ్యాంకు పాసుబుక్కుతోను, పెట్టెలోని రొక్కంతోను సరిచూడాలి.

4. దాణా నిల్వ, స్థానికంగా అమ్మిన పాల పైకం, నమూనా పాల పైకం లెక్కలో చేరాయో లేదో అడగాలి.

5. తమ అల్లుడో, బావమరిదో దాణా సరఫరాకు గాని, రవాణాకు గాని ముందుకు వస్తే ఆ బంధుత్వం చెప్పి, ఆ చర్చ నుండి లేచి వెళ్లాలి.

6. తీర్మానం తప్పని తోస్తే మౌనంగా ఉండరాదు. అభ్యంతరాన్ని మినిట్సు పుస్తకంలో రాయించాలి. రేపు విచారణ వస్తే "నేను వద్దన్నాను" అన్న నోటిమాటకు సాక్ష్యం దొరకదు. రాతకు సాక్ష్యం అక్కరలేదు.

ఈ ప్రశ్నలు అడిగితే కార్యదర్శిని అనుమానించినట్లవుతుందని మొగమాటపడేవారున్నారు. నిజాయితీగల కార్యదర్శికి లెక్క అడిగేవారంటే భయం లేదు. పైగా రేపు ఎవరైనా నింద వేస్తే ఆ తనిఖీయే అతనికి అండ.

సాధారణ సభ్యులకు కూడా ఒక మాట. సర్వసభ్య సమావేశానికి వచ్చి, ఆడిటు నివేదిక చదివి వినిపించమని అడగండి. అది మీ హక్కు. బోనసు ఎంత అని అడిగే ముందు లెక్క ఎలా తేలిందని అడగండి. అడిగే సభ్యులున్నచోట పాలకవర్గం మెలకువగా ఉంటుంది.