మలంచాలో దోసెకు దొరికిన చోటు

రాజధానికి కొత్తగా చేరిన తెలుగువాడు తొలి వారంలోనే వెతికి పట్టుకునే చోట్లు రెండు. మొదటిది తాను వచ్చిన పని చిక్కుపడి ఉన్న మంత్రిత్వశాఖ. రెండవది అశోకా రోడ్డులోని ఆంధ్రాభవన్ క్యాంటీను. మొదటి చోట పని జరగవచ్చు, జరగకపోవచ్చు; రెండవ చోట పప్పు, గోంగూర, నెయ్యి మాత్రం తథ్యం. ఒక నగరం కొత్తవాడిని ఏ కంట చూస్తున్నదో తెలుసుకోవాలంటే అక్కడి భోజనశాలలో అరగంట కూర్చోవాలని నా నమ్మకం. కొత్త ముఖాన్ని చూసి "రండి" అంటున్నారా, "ఏం కావాలి" అంటున్నారా, డబ్బు తినకముందు అడుగుతున్నారా, తిన్న తరువాతనా అన్నదానిలో సగం సంగతి తెలిసిపోతుంది. (ఆంధ్రాభవన్‌లో కూపను ముందే కొనుక్కోవాలి. అది ప్రభుత్వ వ్యవహారం కనుక ఈ సూత్రం నుంచి దానిని మినహాయిద్దాం.) మిగిలిన సగం భోజనశాలలో తెలియదు. ఆ సగం కోసమే ఈ వారం లేఖను ఢిల్లీ దాటించి, వంగదేశంలోని ఒక రైల్వే పట్టణానికి తీసుకుపోతున్నాను.

ఉభయసభలకు విరామం దొరికిన రోజుల్లో ఖరగ్‌పూర్‌లో మూడు రోజులు గడిపాను. ఆ ఊరి పేరు చెప్పగానే విద్యావంతులకు 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరపు భవనంలో వెలసిన ఐఐటి గుర్తుకు వస్తుంది. సామాన్య జ్ఞాన పరీక్షలకు చదువుకున్నవారికి ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం గుర్తుకు వస్తుంది. 1,072 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం తన కిరీటాన్ని 2013లో గోరఖ్‌పూర్‌కు అప్పగించింది. 2023లో హుబ్బళ్లి దానినీ మించిపోయింది. కాని శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల పల్లెల్లో ఖరగ్‌పూర్ అంటే ఈ రెండూ కావు. అక్కడ ఆ పేరుకు అర్థం "తాత పని చేసిన ఊరు".

స్టేషను నుంచి ఖరీదా మీదుగా వెడితే మలంచా వస్తుంది. వంగభాషలో మాలంచ అంటే పూలతోట. ఇప్పుడు అక్కడ తోట లేదు. దుకాణాలు, మందుల షాపులు, మిఠాయి అంగళ్లు, సాయంకాలమైతే వరుసగా తోపుడు బండ్లు ఉన్నాయి. ఒక బండి మీద ఘుగ్ని ఉడుకుతూ ఉంటుంది. పక్క బండి మీద కోడిగుడ్డు రోల్ చుడుతూ ఉంటారు. ఆ పక్కన పెనం మీద పిండి పరుచుకుంటున్న చప్పుడు వినిపిస్తే అది మన బండి. ఆంధ్ర నుంచి వచ్చినవాడికి ఆ సాంబారు మొదటి గుక్కలో కొంచెం తియ్యగా తోస్తుంది. వంగీయుల నాలుకతో నూరేళ్లుగా కుదుర్చుకున్న రాజీ అది. దోసెలోని బంగాళాదుంప కూరలో కూడా మసాలా మన మసాలా కాదు. అయినా బండి చుట్టూ నిలబడినవారిలో బెంగాలీ గుమాస్తా, పంజాబీ లారీ యజమాని, బీహారు నుంచి వచ్చిన గ్యాంగ్‌మన్, ఐఐటి కుర్రవాళ్లు నలుగురు ఉన్నారు. అందరూ బండివాడిని "దాదా" అనే పిలుస్తున్నారు. అతడు ఒకరికి హిందీలో, ఒకరికి బెంగాలీలో జవాబు చెబుతూ, లోపల చట్నీ రుబ్బుతున్న భార్యను మాత్రం తెలుగులో కసురుకుంటున్నాడు.

నేను తెలుగులో ఇంకొక గరిటె చట్నీ అడిగేసరికి ఆయన తల ఎత్తి చూశాడు. అరవై దాటిన మనిషి.

"ఏ ఊరు బాబూ మనది?"

"ఢిల్లీ నుంచి వస్తున్నానండి."

"అది ఉద్యోగం. ఊరేటని అడుగుతున్నాను."

గుంటూరు జిల్లా అని చెప్పాను. తమది చీపురుపల్లి దగ్గర పల్లె అన్నాడు. తాత రైల్వే వర్క్‌షాపులో చేరాడు, తండ్రి కూడా అక్కడే పని చేసి రిటైరయ్యాడు, తనకు ఉద్యోగం రాలేదు, పెనం వచ్చింది. స్వగ్రామం చూసింది నాలుగుసార్లట. ఇన్నేళ్లలో మీరు పరాయివారు, వెళ్లిపొండి అన్నవారెవరైనా ఉన్నారా అని అడిగాను. ఆయన నవ్వాడు.

"ఎవులంటారు బాబూ? అందరూ వచ్చినోళ్లే కదా!"

ఈ మాటను అక్కడి పెద్దలు చాలామంది ఏదో ఒక రూపంలో నాకు చెప్పారు. చరిత్ర కూడా చాలావరకు దానినే బలపరుస్తున్నది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఖరగ్‌పూర్‌ను కూడలిగా ఎంచుకున్నప్పుడు అక్కడ చెప్పుకోదగిన పట్టణమేదీ లేదు. తూర్పుతీర రైలుమార్గపు ఉత్తరభాగం 20వ శతాబ్ది ఆరంభంలో ఈ కంపెనీ చేతికి రావడంతో వాల్తేరు దాని దక్షిణపు కొస అయింది. అలా ఉత్తరాంధ్ర కూలీకి, వంగదేశపు వర్క్‌షాపుకు మధ్య ఒకే పట్టా, ఒకే యజమాని ఏర్పడ్డాయి. వర్క్‌షాపులో మనవారు, ఒరియా వారు, బీహారీలు, పంజాబీలు, ఆంగ్లో ఇండియన్లు చేరారు. ఊరికి 'మినీ ఇండియా' అన్న పేరు ఊరికే రాలేదు.

ఇక్కడ పాఠకులు ఒక సంగతి గమనించాలి. వచ్చినవాడికి క్వార్టరు ఇచ్చింది కంపెనీ. అది కూడా హోదాను బట్టి, చర్మపు రంగును బట్టి ఇచ్చింది. ఆ కాలనీలో తెల్లవారి వీధి వేరు, కూలీల వరుస వేరు. అందులో న్యాయం లేదు. కాని ఏ ఇంటి యజమాని గుమ్మం ముందూ చేతులు కట్టుకుని నిలబడే అగత్యమూ లేదు. నేను ఢిల్లీలో అద్దె ఇల్లు వెతుక్కున్న రోజుల్లో ఒక యజమాని, మద్రాసీల పోపు వాసన గోడలకు పడుతుందని చెప్పి తలుపు వేసుకున్నాడు. ఖరగ్‌పూర్ క్వార్టర్లలో పోపు వాసన ఎవరిదో విచారించే అధికారి లేడు. వచ్చినవాడి నెత్తిన కప్పు, నెలకొక జీతం ఉంటే, పొరుగువాడికి అతడి మీద ద్వేషం పెంచుకోవడానికి కారణాలు సగం తగ్గిపోతాయి.

పక్కనే మరొక ఊరి కథ పెట్టి చూస్తే ఈ మాటలోని నిజం బోధపడుతుంది. అవే జిల్లాల నుంచి, అదే కాలంలో, అదే ఆకలితో మనవారు విశాఖ, కాకినాడ రేవులలో ఓడ ఎక్కి రంగూను వెళ్లారు. 1930 మే నెలలో రంగూను రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచాలని సమ్మె చేశారు. వారి స్థానంలో బర్మీయులను పనిలోకి తీసుకున్నారు. సమ్మె పరిష్కారమై తెలుగువారు తిరిగి రాగానే బర్మీయులను పొమ్మన్నారు. ఆనాడు చెలరేగిన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు మనవారు. బర్మీయుడు సహజంగా క్రూరుడు, వంగీయుడు సహజంగా ఉదారుడు అని దీనికి అర్థం చెప్పుకోవడం అవివేకం. రంగూనులో ఒకే పనిని ఇద్దరి ముందు విసిరి కొట్టుకొమ్మన్నారు.

ఖరగ్‌పూర్‌లో అందుకు భిన్నమైన సంప్రదాయం ఒకటి ఏర్పడింది. 1927లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులు సమ్మెకు దిగినప్పుడు భాషాభేదం లేకుండా నడిచారు. వారి నాయకులలో ప్రముఖుడు బరంపురంలో పుట్టిన తెలుగువాడు, 1969లో రాష్ట్రపతి అయిన వరాహగిరి వెంకటగిరి. ఆ పట్టణం తరువాతి కాలంలోనూ ఎన్నికల్లో అభ్యర్థి మాతృభాషను పెద్దగా పట్టించుకోలేదు. ఊరందరికీ 'చాచా' అయిన సిక్కు నాయకుడు జ్ఞాన్‌సింగ్ సోహన్‌పాల్‌ను 2016లో ఓడించేవరకు మళ్లీ మళ్లీ శాసనసభకు పంపింది. 1980లలో ఆ ప్రాంతం నుంచి లోక్‌సభలో కూర్చున్న కమ్యూనిస్టు నారాయణ్ చౌబే కూడా వంగీయుడు కాడు. బొంబాయిలో 1966లో పుట్టిన శివసేన తొలి సంవత్సరాలలో దక్షిణాదివారి మీద, వారి ఉడిపి హోటళ్ల మీద రాళ్లు విసిరిన సంగతి జ్ఞాపకం ఉన్నవారికి ఇది చిన్న విషయంగా తోచదు. 1990ల చివరి నుంచి రైల్వే పాత ఇనుము గుత్తల చుట్టూ హత్యలు జరిగి, తెలుగు పేర్లు పత్రికల మొదటి పేజీలకు ఎక్కాయి. ఆ రోజుల్లో కూడా దోసె బండి మీద రాయి పడిందని నాకు ఎవరూ చెప్పలేదు.

అయితే "అందరూ వచ్చినోళ్లే" అన్న మాట పూర్తి నిజం కాదు. రైలు రాకముందే ఆ నేల మీద రైతులు ఉన్నారు, సంతాలులు ఉన్నారు, లోధాలు ఉన్నారు. సంతాలీ కుర్రవాడొకడు అదే బండి వద్ద పళ్లాలు కడుగుతున్నాడు. 'మినీ ఇండియా' జాబితా చదివేటప్పుడు అతడి పేరు చివర వస్తుంది, ఒక్కొక్కసారి రాదు.

ఇక భోజనశాలలో కనిపించని సగం సంగతి. మన దోసెకు మలంచాలో చోటు తేలికగానే దొరికింది. మన భాషకు అంత తేలికగా దొరకలేదు. మూడు తరాలు వర్క్‌షాపులో ఇనుము కాచిన తరువాత, 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషల జాబితాలో స్థానం కల్పించాలని నిర్ణయించింది. శాసనసభ ఎన్నికలకు అప్పటికి కొద్ది నెలలే వ్యవధి ఉంది. ఆ ముహూర్తాన్ని చూసి కొందరు మూతి విరిచారు. నేను విరవను. ఎన్నికలు దగ్గరపడితేనే ప్రభుత్వాలకు వినికిడి కలుగుతుందని పార్లమెంటు గ్యాలరీలో కూర్చునేవారందరికీ తెలుసు. కాని జాబితాలో పేరు చేరడం వేరు, బల్ల మీదికి తెలుగులో రాసిన అర్జీ రావడం వేరు. మలంచాలో నాతో మాట్లాడిన తల్లిదండ్రులు పిల్లలను తెలుగు మాధ్యమానికి పంపడం లేదు. ఇంగ్లీషు, హిందీ, బెంగాలీ కావాలి. తెలుగు ఇంట్లో వస్తుంది కదా అంటున్నారు. ఇంట్లో వస్తున్నది మాటే కాని రాత కాదు.

మరొక చిక్కు రాజ్యాంగంలోనే ఉన్నది. 341, 342 అధికరణాల ప్రకారం షెడ్యూల్డు కులాల, తెగల జాబితా ఆయా రాష్ట్రానికి సంబంధించినంతవరకే చెల్లుతుంది. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం మూలాన చిన్నతనంలోనే బొంబాయి చేరిన మర్రి చంద్రశేఖరరావుకు అక్కడి వైద్య కళాశాలలో తెగ రిజర్వేషను వర్తించదని 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఖరగ్‌పూర్ వరకూ వస్తుంది. తాత పల్లెలో జాబితాలో ఉన్న కులం పేరు వంగ రాష్ట్రపు జాబితాలో లేకపోతే, ఖరగ్‌పూర్‌లో పుట్టిన మనుమడికి పుట్టినచోట ఆ రాష్ట్రపు రిజర్వేషను దక్కదు. తాత ఊరి పత్రం అక్కడ చెల్లదు. ఊరు మారితే అంటరానితనం వదిలిపోతుందా అన్న ప్రశ్నకు మాత్రం ఏ సర్కారూ సమాధానం చెప్పలేదు. పళ్లెం ముందు అందరినీ సమానంగా కూర్చోబెట్టిన ఊరు కూడా తాసీల్దారు బల్ల ముందు ఏమీ చేయలేకపోతున్నది.

2003లో తూర్పుతీర రైల్వే మండలం ఏర్పడి వాల్తేరు డివిజను ఆగ్నేయ రైల్వే నుంచి విడిపోయింది. ఢిల్లీలో అది పాలనా సౌలభ్యం. భువనేశ్వరంలో అది ఉత్సవం. మలంచాలో మాత్రం ఒక తలుపు మూసుకుంది. అంతకుముందు ఖరగ్‌పూర్ తెలుగువాడు ముసలితనంలో వాల్తేరుకు బదిలీ కోరుకోవచ్చు, అక్కడివాడు ఇక్కడికి రావచ్చు, మండలం ఒకటే. 2019లో విశాఖ కేంద్రంగా కొత్త మండలం ప్రకటించినప్పుడు హర్షించినవారిలో ఎందరికి ఖరగ్‌పూర్ గుర్తుకు వచ్చిందో తెలియదు. ఆనాటి నుంచి వర్క్‌షాపుకు విజయనగరం నుంచి కొత్త ముఖాలు రావడం తగ్గిపోయిందని పాత కార్మికులు చెబుతున్నారు. ఇప్పుడు తెలుగు మాట్లాడుతూ రైలు దిగేవారు ఐఐటి విద్యార్థులు. వారు నాలుగేళ్లు ఉంటారు, దోసె తింటారు, సాంబారు బాగాలేదని అంటారు, వెళ్లిపోతారు.

2021లో జరగవలసిన జనగణన జరగలేదు. ఇప్పుడది 2027 మార్చి 1ని ప్రమాణ తేదీగా పెట్టుకున్నది. వంగ రాష్ట్రపు చట్టం ఇటువంటి భాషలకు జనాభాలో పది శాతం దాటినచోట గుర్తింపు ఇస్తుంది కనుక, మాతృభాష గడిలో ఏమి రాస్తారన్నది మలంచాకు చిన్న విషయం కాదు. బండి యజమాని మనుమడిని అడిగాను. కాలేజీలో చదువుతున్నాడు, చక్కగా తెలుగు మాట్లాడుతున్నాడు, చదవడం రాదు. కాసేపు ఆలోచించి, తాతయ్య ఇంట్లో ఉంటే తెలుగనే చెబుతామండి అన్నాడు.