మడ్డి బీరు, కల్లు: ఒక రుచిని వివరించే తెలుగు పదజాలం

తెలంగాణ ప్రభుత్వం 2015లో మైక్రోబ్రూవరీల నిబంధనలు రూపొందించిన తరువాత హైదరాబాదు నగరవాసులకు పరిచయమైన బీరు రకాలలో జర్మనీ గోధుమ బీరు ‘హెఫెవైజెన్’ ఒకటి. జర్మన్ భాషలో హెఫె అంటే ఈస్ట్, వైజెన్ అంటే గోధుమ. ఇటువంటి పానీయాన్ని వివరించడానికి తెలుగులో మాటలు చాలవన్న అభిప్రాయం ఒకటి ఉంది. అది పరిశీలనకు నిలవదు.

ఈ బీరులో కనీసం సగం గోధుమ మాల్టు, తక్కినది బార్లీ మాల్టు. మాల్టు అంటే మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యమే. రాగిమాల్టు తెలిసిన పాఠకులకు ఇది కొత్త కాదు. మొలకెత్తేటప్పుడు పుట్టిన ఎంజైములు వేడినీటిలో పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. ఆ ద్రవాన్ని మరిగించి, చల్లార్చి, ఎంపిక చేసిన ఈస్ట్ కలుపుతారు. త్రాగేవారికి అరటిపండు వాసన, లవంగపు ఘాటు తెలుస్తాయి గాని, ఆ రెండింటిలో ఏదీ అందులో వేయరు. మొదటిది ఐసోఅమైల్ అసిటేట్, రెండవది 4-వినైల్ గ్వయకాల్. రెండూ ఈస్ట్ వల్ల ఏర్పడినవే. వడకట్టరు కనుక బీరు మసకగా ఉంటుంది.

కల్లు కూడా వడగట్టి తేర్చని పానీయమే. అయితే తాటి, ఈత చెట్ల నీరాలో చక్కెర సిద్ధంగా ఉంటుంది. మొలకతో, మరిగింపుతో పని లేదు. లొట్టిలోకి చేరిన ఈస్ట్‌తోపాటు లాక్టిక్, ఎసిటిక్ ఆమ్లాలనిచ్చే బాక్టీరియా కూడా పనిచేస్తుంది. ఉదయపు తీపి సాయంత్రానికి పులుపెక్కడానికి కారణమిదే.

పాఠ్యపుస్తకాలు ‘కిణ్వనం’ అన్నదానిని గీతవృత్తివారు ‘పులియడం’ అంటారు. పోద్దాటి కల్లు, పండుదాటి కల్లు అని చెట్టును బట్టి రుచిని వేరుచేస్తారు. హెఫె అన్న మాటకు జర్మన్‌లో అడుగున దిగే మడ్డి అన్న అర్థం కూడా ఉంది. కనుక హెఫెవైజెన్‌ను ‘మడ్డి గోధుమ బీరు’ అనడం ‘ఈస్టు గోధుమ బీరు’ అనడం కన్నా సహజం.

తార్నాక పరిసరాలకు పదకల్పన కొత్త కాదు. 1918లో ఉర్దూ బోధనామాధ్యమంగా ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం, శాస్త్రగ్రంథాల అనువాదానికే ఒక ప్రత్యేక విభాగాన్ని నడిపింది. నేడు అదే ప్రాంగణంలో తెలుగు శాఖ, సూక్ష్మజీవశాస్త్ర శాఖ ఉన్నాయి; తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. గీతవృత్తి పదాలను ఈ ముగ్గురూ కలిసి సేకరించడానికి దూరం అడ్డు కాదు. తాళ్లు తగ్గుతున్నకొద్దీ ఆ పదాలను వాడుకలో చెప్పగల వక్తలు తగ్గుతారు. నీరా కావలసినప్పుడు లొట్టి లోపల సున్నం పూస్తారు, పులియకుండా. ఆ ఒక్క పనిలోనే ఒక రసాయన పాఠం ఉంది. దానిని చెప్పడానికి కావలసిన మాటలన్నీ తెలుగులోనే ఉన్నాయి.